నిద్రలో క్లచ్ తొక్కిన కాళ్లు

కండక్టరుకు డ్రైవరు ముఖం కన్నా మెడ బాగా తెలుస్తుంది. పొద్దున డ్యూటీ ఎక్కేటప్పుడు ఒకసారి, బువ్వ తినేటప్పుడు ఒకసారి ముఖం చూస్తాం. మిగతా రోజంతా మాకు కనిపించేది వెనక భాగమే. ఖాకీ కాలరు, మెడ, చెవుల వెనక నెరుస్తున్న వెంట్రుకలు. కొత్తగా చేరిన అమ్మాయిలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి టికెట్ మిషను గురించి, చిల్లర గొడవల గురించి, తాగి ఎక్కేవాళ్లతో ఎట్లా వేగాలో అడుగుతుంటారు. అవన్నీ కొన్నాళ్లు తిరిగితే వాళ్లకే వస్తాయి. మీ డ్రైవరు మెడ ఎట్లా ఉందో చూడడం నేర్చుకోండి అని నేనంటే మాత్రం నవ్వుతారు. అట్లా నవ్వేవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

నా సర్వీసంతా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మధ్యనే గడిచింది. చివరి ఏళ్లలో చాలాకాలం ఒకే డ్రైవరుతో నా జోడీ కుదిరింది. నాకంటే కొంచెం పెద్దవాడు. నేను అన్నా అనేదాన్ని, ఆయన చెల్లె అనేవాడు. పొద్దున్నే గద్వాలలో బయలుదేరి జూరాల మీదుగా ఆత్మకూరు, అక్కడినుంచి వనపర్తి, గోపాల్‌పేట, నాగర్‌కర్నూలు. మళ్లీ అదే దారిన వెనక్కి. ఆ దారి మొత్తం ఇప్పటికీ కళ్లు మూసుకుంటే వస్తుంది. సీతాఫలాల కాలంలో బస్సు ఎక్కిన ప్రతి గంపా వాసనతోనే ముందు ఎక్కేది. పల్లీ పంట చేతికొచ్చిన రోజుల్లో నా టికెట్ల సంచీలో చిల్లర కన్నా పల్లీకాయలే ఎక్కువుండేవి. ఎక్కినవాళ్లు పిడికెడు చేతిలో పెట్టి పోయేవారు.

మా అన్న నెమ్మదస్తుడు. మేకల మంద అడ్డమొస్తే హారన్ కొట్టేవాడు కాదు, బండి ఆపి చేతులు స్టీరింగు మీద పెట్టుకుని అవి పోయేదాకా చూసేవాడు. వెనక నుంచి ప్రయాణికులు గొణిగేవారు. ఆయనకు వినపడేది కాదో, వినేవాడు కాదో.

ఆడ కండక్టర్ల అవస్థ మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. నేను చేరిన రోజుల్లో సగం బస్టాండ్లలో ఆడవాళ్లు పోవడానికి చోటే ఉండేది కాదు. ఉన్నచోట తలుపు ఉండేది కాదు. నీళ్లు తాగడం మానేసి డ్యూటీ చేసేదాన్ని. ఆయనతో జోడీ పడ్డ కొత్తలో ఒకరోజు గోపాల్‌పేట దాటాక రోడ్డు పక్కన ఒక ఇంటి ముందు బండి ఆపాడు. టైరు చూస్తానని దిగి, ఆ ఇంటావిడతో ఏదో మాట్లాడి వచ్చి, "చెల్లె, ఆ ఇల్లు మనోళ్లదే, పోయి నీళ్లు తాగి రాపో" అన్నాడు. నీళ్లు తాగి రమ్మన్నాడు కానీ అసలు సంగతి నాకర్థమైంది. ఆ రోజు నుంచి ప్రతి ట్రిప్పులో అక్కడ ఆయనకు టైరు మీద అనుమానం వచ్చేది. ఆ మాట మా ఇద్దరి మధ్య ఎప్పుడూ రాలేదు. అలాంటి మనిషి.

ఆ మెడ వాలడం నేను మొదట గమనించింది ఒక ఎండాకాలం మధ్యాహ్నం. ఒక్క క్షణం కిందికి దిగి, ఉలిక్కిపడినట్టు పైకి లేచింది. ఎండ కదా అనుకున్నాను. వానలు మొదలయ్యాయి, అయినా తగ్గలేదు. కళ్ల కింద నల్లగా వాచింది. మాట తగ్గింది. ఆత్మకూరు బస్టాండు ముందు ఛాయ్ హోటల్ భాయ్ దగ్గర ఒక కప్పు తాగేవాడు కాస్తా రెండు, మూడు తాగసాగాడు. చిక్కగా కాయమని భాయ్‌కి నేనే చెప్పేదాన్ని. నిద్ర పోగొట్టడానికి మాకు తెలిసిన మందు అదొక్కటే.

ఇంకొకటి కూడా చూశాను. సాయంత్రం డ్యూటీ దిగాక డిపోలో అందరూ బెంచీల మీద కూలబడితే ఆయన కూర్చునేవాడు కాదు. నిలబడో, గోడ వెంట నడుస్తూనో మాట్లాడేవాడు. కూర్చుంటే పిక్కలలో చీమలు పాకినట్టు ఉంటుందని, నడిస్తే పోతుందని ఒకసారి చెప్పాడు. రోజంతా కూర్చుని నడిపే మనిషికి సాయంత్రం నడవాలనిపించడం సహజమే అనుకున్నాం.

తాగి బండెక్కుతున్నాడని డిపోలో మాటలు మొదలయ్యాయి. రోజూ పొద్దున నోట్లో మిషను పెట్టి ఊదిస్తారు, ఆయనకు ఎన్నడూ ఏమీ చూపలేదు. అయినా నోళ్లు ఆగుతాయా. తాగడం లేదంటే ఇంకేదో మింగుతున్నాడన్నారు. మింగుతున్న మాట నిజమే. రాత్రి మొద్దునిద్ర పడితే పగలు కునుకు రాదని ఎవరో చెబితే, మందుల షాపులో జలుబు మాత్రలు కొనుక్కుని పడుకునే ముందు వేసుకునేవాడు. అందులో తప్పేముందని నేనూ అనుకున్నాను. జలుబుకు మా ఇంట్లోనూ అవే.

ఆ సంవత్సరం మల్దకల్ జాతరకు స్పెషల్ బస్సులు వేశారు. మా ఇద్దరికీ ఆ డ్యూటీ పడింది. ఆయన భార్య దర్శనానికి వచ్చి, తిరుగు జనం కూడేదాకా ఖాళీ బస్సులో నా పక్కన కూర్చుంది. వదినెను అంతకుముందు ఒకటి రెండుసార్లు చూశానంతే. అన్నకు ఒంట్లో ఎట్లుందని అడిగాను. ఆమె చీర కొంగుతో ముఖం తుడుచుకుని, "ఆయనకేమైంది, మంచిగ పండుకుంటడు. నాకే నిద్ర లేదు" అంది.

రాత్రంతా కాళ్లు కదులుతూనే ఉంటాయట. బొటనవేలు పైకి లేస్తుంది, పాదం విరుచుకుంటుంది, మోకాలు మడతపడి మళ్లీ జారుతుంది. కాసేపు ఆగి మళ్లీ అదే. తాళం వేసినట్టు. లేపి అడిగితే నేనెక్కడ కదిలాను అంటాడట. దుప్పటి ఎప్పుడూ కాళ్ల దగ్గర ఉండలా అయ్యే ఉంటుందట. తన్నులు తినలేక ఆమె పిల్లల గదిలో పడుకోవడం మొదలుపెట్టి ఏడాది దాటిందట, మంచం చప్పుడుకు అక్కడా మెలకువ వస్తుందట.

"మా అత్త ఏమంటదో తెల్సా? నా కొడుకు నిద్రల గూడ బస్సు నడుపుతుండు, క్లచ్ తొక్కుతుండు అంటది."

ఇద్దరం నవ్వాం. డిపోలో చెబితే అక్కడా నవ్వారు. నిద్రలో గేరు మార్చాడా లేదా అని ఆయన్ను ఏడిపించారు. ఆయన కూడా నవ్వాడు. ఆ నవ్వులో మా అందరికీ ఒక కారణం దొరికినట్టయింది. బస్సు నడిపేవాడి కాళ్లు కదలక ఎవరి కాళ్లు కదులుతాయి? ఇగ దాన్ని గురించి ఎవరూ ఆలోచించలేదు.

అది జరిగిన రోజు జూరాల డ్యామ్ గేట్లు ఎత్తి ఉన్నాయి. నీళ్లు చూడడానికి జనం వచ్చిపోతున్నారు, బస్సు నిండుగా ఉంది. డ్యామ్ దగ్గర చేపలమ్మే ఆమె ఒకతె తట్టతో ఎక్కి మెట్ల దగ్గరే కూర్చుంది. అందరూ కిటికీల్లోంచి నీళ్లు చూస్తున్నారు. నేను టికెట్లు కొడుతూ ముందుకు వస్తున్నాను. డ్యామ్ దాటాం. ఒక పక్క వరిమళ్లు, ఇంకో పక్క కాలువ. తలెత్తితే ఆయన మెడ వాలి ఉంది. ఎప్పటిలా లేస్తుందని చూశాను. లేవలేదు.

అంతలో టైర్ల చప్పుడు మారింది. తారు మీది చప్పుడు పోయి కంకర చప్పుడు వచ్చింది. అన్నా అని నేను అరిచిన అరుపు ఎంత గట్టిగా వచ్చిందో నాకు తెలియదు. ఆయన ఉలిక్కిపడి స్టీరింగు తిప్పి బ్రేకు తొక్కాడు. నిలబడ్డవాళ్లు ఒకరి మీద ఒకరు పడ్డారు. చేపల తట్ట బోర్లాపడింది. బస్సు సగం రోడ్డు మీద, సగం మట్టి మీద ఆగింది. కాలువ అక్కడికి దూరమేమీ కాదు.

దెబ్బలు ఎవరికీ తగల్లేదు. ముందు సీటులో ఉన్న పెద్దమనిషి, మేకపిల్ల అడ్డమొచ్చిందని, డ్రైవరు దాన్ని ఎంత బాగా తప్పించాడో చూడండని అందరికీ చెప్పాడు. వెనకవాళ్లు దాన్నే ఇంకా వెనకవాళ్లకు చెప్పారు. మేకను తామూ చూశామన్నవాళ్లు కూడా తేలారు. చేపలావిడ బండి కింద చేపలు ఏరుకుంటూ, మంచి డ్రైవరు నాయనా, నోరులేని జీవాన్ని కాపాడినవ్ అంది. మా అన్న తల ఊపాడు. పైన అద్దంలో నన్ను చూశాడు. నేను కూడా ఆయన్ను చూశాను. ఆ రోడ్డు మీద మేక లేదు.

ఆత్మకూరు బస్టాండుకు చేరేదాకా నేను ఒక్క టికెట్టు కూడా కొట్టలేకపోయాను. జనం ఛాయ్‌లకు దిగారు. నేను చుట్టూ తిరిగి ఆయన కిటికీ దగ్గరకు వెళ్లి నిలబడ్డాను.

"అన్నా, మేక యాడుండె?"

ఆయన అరచేతులతో కళ్లు రుద్దుకున్నాడు. "జర కండ్లు మూతవడ్డయి చెల్లె. ఇప్పుడు మంచిగున్న. ఛాయ్ తాగుత, నడుద్దాం."

"నేను రైట్ చెప్పను."

కండక్టరు రైట్ అనందే బస్సు కదలదు. మాకున్న అధికారం అంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. దాన్ని జనం ఎక్కారని చెప్పడానికే తప్ప ఇంకో పనికి నేనెప్పుడూ వాడలేదు. ఆయన నావైపు తిరిగి చూశాడు. కోపం కన్నా ఎక్కువ ఆశ్చర్యమే ఉంది ఆ ముఖంలో.

"నీకు నేనేం అన్యాలం చేసిన?"

"ఏం చెయ్యలే అన్నా. అందుకే రైట్ చెప్తలేను."

టైమ్ అయింది. ప్రయాణికులు వచ్చి కూర్చుని అరవడం మొదలుపెట్టారు. బస్టాండు కంట్రోలరు వచ్చాడు. ఆయన మంచివాడే. సంగతి విని నన్ను పక్కకు పిలిచి, డ్రైవరుకు జ్వరమొచ్చిందని డిపోకు చెప్పు, స్పేర్ డ్రైవరు వస్తాడు, ఎవరికీ నష్టం లేదు అన్నాడు. ఆ మాట నాకు చాలా తియ్యగా వినపడింది. జ్వరం అంటే రెండు రోజులు సెలవు. అన్న ఉద్యోగానికి మచ్చ లేదు. నాకు ఎవరితో మాట పడే పని లేదు. కానీ జ్వరం తగ్గిందని మూడోనాడు ఆయన మళ్లీ అదే సీట్లో కూర్చుంటాడు. వెనక నేనుంటే నేను, లేకపోతే ఇంకెవరో కొత్త పిల్ల ఉంటుంది. ఆ పిల్లకు మెడ చూడాలని తెలియదు.

ఫోన్ తీసి డిపో మేనేజరుకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. డ్రైవరు నిద్రపోయాడు, బండి రోడ్డు దిగింది, ఆయన తాగలేదు, ఒంట్లో ఏదో ఉంది, దవాఖానకు పంపండి అని. అన్న నా పక్కనే నిలబడి విన్నాడు. తాళం తీసి కంట్రోలరు చేతిలో పెట్టి, టిఫిన్ డబ్బా తీసుకుని, గద్వాల పోయే బస్సులో ప్రయాణికుడిలా ఎక్కి వెళ్లిపోయాడు.

ఆ తర్వాతి రోజులు నాకు బాగా గుర్తు. ఆయన్ను స్టీరింగు నుంచి తప్పించి, డాక్టరు ఫిట్ అని రాసిచ్చేదాకా బండి ఇవ్వొద్దన్నారు. గద్వాల బస్టాండులో మైకు ముందు కూర్చోబెట్టారు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫామ్ మీదికి వస్తుందో చెప్పే పని. అసలే నోరు విప్పని మనిషి. మైకులో ఆ గొంతు విన్నప్పుడల్లా నాకు తలదించుకోవాలనిపించేది. డిపోలో నాతో బువ్వ తినేవాళ్లు తగ్గారు. తోటివాడి నోటికాడి ముద్ద లాక్కున్నావని ఒక సీనియరు ముఖం మీదే అన్నాడు. ఆడవాళ్లను బండెక్కిస్తే ఇట్లనే ఉంటుందని ఇంకొకరన్నారట. నన్ను వేరే డ్రైవరుతో వేశారు. కుర్రవాడు, జోరుగా నడిపేవాడు, మెడ ఎప్పుడూ నిటారుగా ఉండేది. రోజంతా ఆ మెడను చూసినా నాకు ఏమీ తోచేది కాదు.

అన్న మొదట వెళ్లిన డాక్టరు బీపీ చూసి, షుగరు చూసి రెండూ బాగున్నాయన్నాడు. నిద్ర పడుతుందా అంటే పడుతుందని ఈయన చెప్పాడు. అబద్ధం కాదు, ఆయనకు తెలిసింది అదే. బాగా విశ్రాంతి తీసుకోమని పంపించేశారు. విశ్రాంతి తీసుకున్నా ఏమీ మారలేదు.

అప్పుడు వదినె మా ఇంటికి వచ్చింది. తిట్టడానికే వచ్చిందనుకుని తలుపు దగ్గరే నిలబడిపోయాను. ఆమె లోపలికి వచ్చి కూర్చుని, వనపర్తి పెద్ద దవాఖానలో ఇంకో డాక్టరున్నాడట, ఎల్లుండి పోదాం, నువ్వు కూడా రావాలె అంది.

"అన్న ఒప్పుకుంటడా?"

"ఆయన్నెవరు అడిగిన్రు. ఆయనకేం తెల్వదు. రాత్రి సంగతి నేను చెప్త. పొద్దటి సంగతి నువ్వు చెప్పాలె."

ముగ్గురం వనపర్తి బస్సులో వెళ్లాం. వాళ్లిద్దరూ ఒక సీట్లో, నేను వెనక సీట్లో. దారంతా మళ్లీ ఆ మెడే నా కళ్ల ముందు. ఆయన ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

ఆ డాక్టరు చిన్నవాడే కానీ తొందర లేనివాడు. కూడా వచ్చిందెవరని అడిగి, ఆయన్ను వదిలేసి వదినెను మొదట మాట్లాడమన్నాడు. ఆమె జాతరలో నాకు చెప్పినట్టే చెప్పింది. క్లచ్ మాట కూడా చెప్పింది. డాక్టరు చిన్నగా నవ్వి, ఇంకా అడిగాడు. గురక ఉందా, నిద్రలో ఊపిరి ఆగినట్టవుతుందా, చేతులు విసురుతాడా, అరుస్తాడా. అవేవీ లేవంది. తర్వాత నన్ను అడిగాడు. మెడ సంగతి, ఛాయ్ సంగతి, సాయంత్రం కూర్చోలేకపోవడం, రోడ్డు దిగిన రోజు, అన్నీ చెప్పాను. తన గురించి ఇద్దరు ఆడవాళ్లు చెబుతుంటే ఆయన ఒడిలో చేతులు పెట్టుకుని, ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి కథ విన్నట్టు విన్నాడు.

నిద్రలో అప్పుడప్పుడు కాలు ఎగరడం అందరికీ ఉంటుందని, దానికి దవాఖానకు పరుగెత్తక్కర్లేదని డాక్టరు చెప్పాడు. కానీ రాత్రి రాత్రికీ అదే పనిగా కదులుతుంటే, పక్కనున్న మనిషికి నిద్ర లేకపోతే, సాయంత్రమయ్యేసరికి కాళ్లు కుదురుగా ఉండనివ్వకపోతే, అన్నిటికన్నా ముఖ్యంగా పగలు నిద్ర ఆగకపోతే ఆలస్యం చేయొద్దన్నాడు. నిద్రపోయామని మనిషి అనుకుంటాడు కానీ ఆ కదలికలకు నిద్ర లోపల్లోపలే తెగిపోతుంటుందట. అందుకే పొద్దున లేచినా లేచినట్టుండదట. ఏం మందులు వాడుతున్నావని అడిగితే జలుబు మాత్రల సంగతి బయటపడింది. అలాంటి మాత్రలు కొందరికి కాళ్ల బాధను ఇంకా పెంచుతాయన్నాడు. పగలు అన్ని ఛాయ్‌లూ అంతేనన్నాడు. చిక్కగా కాయించిందాన్ని నేను, నేల చూశాను.

రక్తం పరీక్ష చేశారు. రిపోర్టు వచ్చాక డాక్టరు దాన్ని చూసి, ఒంట్లో ఇనుము చాలా తక్కువుందని, కాళ్లు ఇట్లా చేయడానికి అదీ ఒక కారణం కావచ్చన్నాడు. మగమనిషికి ఇంత తక్కువ ఉండకూడదు, రక్తం ఎక్కడన్నా పోతోందా అని అడిగాడు. అన్న తల అడ్డంగా ఊపాడు. డాక్టరు మళ్లీ అడిగాడు. అన్న కిటికీ వైపు చూశాడు. నా ముందు చెప్పలేకపోతున్నాడని అర్థమైంది. నీళ్లు తాగి వస్తానని చెప్పి బయటికి వచ్చేశాను. ఎంత దూరంలో నిలబడాలో ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

మొలలని తర్వాత వదినె చెప్పింది. ఏళ్ల తరబడి గంటలకొద్దీ వేడి సీటు మీద కూర్చునే డ్రైవర్లకు మామూలే. రక్తం పోతున్నా భార్యకు కూడా చెప్పలేదు. వాటికి వైద్యం చేశారు. ఇనుము మందు రాసి, ఎన్నాళ్లు వాడాలో తామే చూసి చెప్తామని, సొంతంగా కొనుక్కుని మింగొద్దని చెప్పారు. జలుబు మాత్రలు మాన్పించారు. ఛాయ్ పొద్దున మాత్రమే. దీనితో తగ్గకపోతే హైదరాబాదులో రాత్రంతా పడుకోబెట్టి చేసే పరీక్ష ఉంటుందన్నారు. ఆ అవసరం రాలేదు. ఒక్కసారిగా తగ్గిందని మాత్రం అనుకోకండి. నెలలు పట్టింది. మధ్యలో ఒకసారి మళ్లీ మొదటికొచ్చింది, మళ్లీ దవాఖానకు పోయారు.

ఒకరోజు వదినె ఫోన్ చేసి, మళ్లీ మా గదిలో పండుకుంటున్న అంది. మొదటి రాత్రి తనకే నిద్ర పట్టలేదట. కాళ్లు కదలకపోయేసరికి భయమేసి, ఊపిరి ఆడుతోందా లేదా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసిందట. ఆయన లేచి ఏందే అన్నాడట. ఆమె నవ్వుతూనే చెప్పింది.

డాక్టరు ఫిట్ అని రాసిచ్చాక ఆయనకు మళ్లీ బండి ఇచ్చారు. వేరే రూటు. మా ఇద్దరికీ జోడీ మళ్లీ పడలేదు. ఎదురుపడితే తల ఊపేవాడు. మాట్లాడేవాడు కాదు. నేనూ పలకరించేదాన్ని కాదు. ఆయన ఎట్లా ఉండదలచుకుంటే అట్లా ఉండనివ్వాలనుకున్నాను. ఆత్మకూరులో భాయ్ మాత్రం నన్ను చూసినప్పుడల్లా, నా ఛాయ్‌ని దవాఖాన్ల బద్నాం చేసినవంటనే అని నిష్ఠూరమాడేవాడు.

కొన్నాళ్లకు మా డిపో గేటు దగ్గర భద్రత మీద మీటింగు పెట్టారు. ఎప్పటిలాగే వేగం, బ్రేకులు, ఫోన్లు. మేనేజరు చివర్లో ఎవరైనా ఏమైనా చెప్తారా అని అడిగితే ఎవరూ కదల్లేదు. వెనక నుంచి మా అన్న ముందుకు వచ్చాడు. మైకు ముందు అన్ని నెలలు కూర్చున్నందుకో ఏమో, ఈసారి తడబడలేదు.

"నాకు మొలలుండె. చెప్పనీకి సిగ్గయింది. రక్తం వోయింది, కాళ్లు గుంజినయి, నిద్ర చెడింది. బండి మీద పండుకున్న. బస్సు నిండ మంది ఉండిరి. మేక అడ్డమొచ్చిందన్నరు. మేక లేదు గీక లేదు. చెల్లె రైట్ చెప్పలే కాబట్టి ఈ పొద్దు మీ ముంగట నిలవడ్డ."

మొదటి మాటకు కొందరు నవ్వారు. రెండో మాటకు నవ్వు ఆగింది. ఆయన నావైపు చూడలేదు. టిఫిన్ డబ్బా తీసుకుని తన బండి దగ్గరకు నడిచాడు. నేను టికెట్ మిషను ఆన్ చేసి, ఆఫ్ చేసి, మళ్లీ ఆన్ చేశాను.

ఆ సాయంత్రం డ్యూటీ దిగి లెక్క అప్పజెప్పి వస్తుంటే, రిటైర్మెంటుకు దగ్గర పడ్డ ఒక డ్రైవరు గేటు దగ్గర నాకోసం నిలబడి ఉన్నాడు. అటూ ఇటూ చూసి, వనపర్తి డాక్టరు ఏయే రోజుల్లో ఉంటాడని అడిగాడు. తనకు కాదని, తెలిసినవాళ్లకని కూడా అన్నాడు. నేను చెప్పాను. ఆయన నాలుగడుగులు వేశాక పిలిచి, మిగిలింది కూడా చెప్పాను.

"ఒక్కడివి పోకు అన్నా. ఇంటామెను తోలుకపో. నీ కాళ్ల సంగతి ఆమెకే ఎరుక."